ఇన్ఫినిట్ బ్యాఫిల్: డిక్కీ కొలతను బట్టి సబ్‌వూఫర్ ఎంపిక

బెంగళూరు జె.సి. రోడ్డులో కారు ఆడియో దుకాణానికి వెళ్లే సెడాన్ యజమానికి సాధారణంగా రెండు కోరికలు ఉంటాయి. బేస్ లోతుగా వినిపించాలి, డిక్కీ మాత్రం ఖాళీగా ఉండాలి. శుక్రవారం సాయంత్రం అనంతపురానికో, మదనపల్లెకో, తిరుపతికో బయలుదేరే తెలుగు కుటుంబానికి డిక్కీలో సగం జాగా ఒక చెక్కపెట్టెకు వదిలిపెట్టడం కుదిరే పని కాదు. అలాంటప్పుడు వినిపించే సమాధానం "పెట్టె అక్కర్లేదు, ఫ్రీ ఎయిర్ సబ్ బిగిస్తే సరిపోతుంది" అన్నది. సబ్ అంటే సబ్‌వూఫర్, అట్టడుగు బేస్ కోసమే ఉన్న పెద్ద స్పీకర్. పెట్టె లేకుండా బిగించే ఈ పద్ధతినే కొందరు ఇన్ఫినిట్ బ్యాఫిల్ అనీ, మరికొందరు పొట్టిగా ఐబీ అనీ అంటారు. సమాధానం పూర్తిగా తప్పు కాదు. కానీ అందులో అసలు విషయం సగమే ఉంది. మిగిలిన సగం తెలియక కొన్నవారు, బేస్ రాలేదనో, కొద్ది నెలలకే వూఫర్ లోపలి తీగచుట్ట (కాయిల్) పాడైందనో ఆ పద్ధతినే తప్పుపడుతుంటారు.

ఒకే సబ్‌వూఫర్ ఒక కారులో ఇన్ఫినిట్ బ్యాఫిల్‌గా పనిచేసి, మరో కారులో మామూలు మూసిన పెట్టెలో ఉన్నట్టు ప్రవర్తించవచ్చు. వూఫర్ కోన్‌ను (ఊగే గరాటు ఆకారపు భాగాన్ని) పట్టి ఉంచే సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉంది, వూఫర్ వెనుక ఎంత గాలి ఉంది అన్న రెండింటి నిష్పత్తే దీన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల అట్టపెట్టె మీద ముద్రించిన మాటల కంటే, వూఫర్ కొలతల పట్టికనూ డిక్కీ పరిమాణాన్నీ పక్కపక్కన పెట్టి చూడటమే ఎంపికకు ఆధారం. ఈ లెక్క పదో తరగతి గణితాన్ని మించదు.

కోన్‌కు రెండు వైపులా పుట్టే శబ్దం

సబ్‌వూఫర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. అంటే ముందు వైపు శబ్దం, వెనుక వైపు శబ్దం ఎప్పుడూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. 40 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు. అంత పెద్ద తరంగానికి 12 అంగుళాల వూఫర్ అంచు ఒక అడ్డమే కాదు. వూఫర్‌ను చేత్తో పట్టుకుని వాయిస్తే ఈ రెండు శబ్దాలు అంచు చుట్టూ కలిసిపోయి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. కోన్ ఎంత ఊగినా బేస్ మాత్రం చెవికి చేరదు.

ఈ రద్దును ఆపడానికి రెండు వైపులనూ విడదీసే గోడ కావాలి. ఆ గోడకు అంతే లేదనుకుంటే అది సిద్ధాంతపరమైన ఇన్ఫినిట్ బ్యాఫిల్. ఆచరణలో అంతులేని గోడ సాధ్యం కాదు కాబట్టి, వెనుక శబ్దాన్ని వేరే పెద్ద గదిలో బంధిస్తారు. ఇళ్లలో పక్కగదినో అటకనో ఇందుకు వాడతారు. సెడాన్‌లో ఆ గది డిక్కీ, గోడ వెనుక సీటు వీపు లేదా దానిపైనున్న పార్సెల్ ట్రే.

ఈ పద్ధతి ఏ కార్లకు పనికొస్తుందో ఇక్కడే తేలిపోతుంది. స్విఫ్ట్, బాలెనో, ఐ20 వంటి హ్యాచ్‌బ్యాక్‌లలో వెనుక ట్రే ఎత్తి తీసేయగలిగే పలక మాత్రమే. డిక్కీ గాలి, క్యాబిన్ గాలి ఒక్కటే. ఎస్‌యూవీలదీ అదే పరిస్థితి. వాటికి పెట్టె తప్ప దారి లేదు కనుక, ఇకపై చెప్పేదంతా డిక్కీ విడిగా ఉన్న సెడాన్ల గురించే.

వెనుకనున్న గాలి స్ప్రింగుగా మారే చోటు

సైకిలు పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కితే చేతికి తగిలే ఎదురుబలం గాలిది. మూసిన పెట్టెలోని గాలి కూడా కోన్‌ను అలాగే వెనక్కి నెడుతుంది. పెట్టె ఎంత చిన్నదైతే ఆ ఎదురుబలం అంత ఎక్కువ. ఎడ్గర్ విల్చర్ 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ద్వారా తెచ్చిన ఏఆర్-1 స్పీకర్ ఈ గుణాన్నే లాభంగా మార్చుకుంది. సస్పెన్షన్‌ను చాలా మెత్తగా ఉంచి, కోన్‌ను అదుపు చేసే పనిని పెట్టెలోని గాలికి అప్పగించింది. నేటి సీల్డ్ బాక్స్‌లు (మూసిన పెట్టెలు) ఆ దారినే వచ్చాయి.

ఇన్ఫినిట్ బ్యాఫిల్ దీనికి సరిగ్గా అవతలి కొస. ఇక్కడ వెనుకనున్న గాలి ఎంత ఎక్కువంటే దాని ఎదురుబలం లెక్కలోకే రాదు. కోన్‌ను అదుపు చేసేది దాని సొంత సస్పెన్షన్, కాయిల్‌ను కదిలించే అయస్కాంత మోటారు మాత్రమే.

"ఎంత ఎక్కువ" అన్నదానికి కొలత వీఏఎస్. వూఫర్ సస్పెన్షన్‌కు ఉన్న సాగుడు ఎన్ని లీటర్ల గాలికి ఉన్న సాగుడుతో సమానమో చెప్పే అంకె ఇది. వీఏఎస్ 120 లీటర్లు అంటే, ఆ వూఫర్‌కు 120 లీటర్ల మూసిన పెట్టెలోని గాలి తన సస్పెన్షన్‌తో సమానమైన రెండో స్ప్రింగు అవుతుంది. వెనుక గది వీఏఎస్‌కు కనీసం 4 రెట్లు ఉంటే ఇన్ఫినిట్ బ్యాఫిల్ అనవచ్చని కొందరు, 10 రెట్లు ఉండాలని మరికొందరు అంటారు. ఈ రెండు అభిప్రాయాల మధ్య తేడా వినడానికి పెద్దదే గానీ ఫలితంలో అంత లేదు. 4 రెట్లు ఉన్నప్పుడు వూఫర్ సహజ కంపన సంఖ్య సుమారు 12 శాతం పెరుగుతుంది, 10 రెట్లు ఉన్నప్పుడు 5 శాతం పెరుగుతుంది. 24 హెర్ట్జ్ వూఫర్ 27కు చేరిందా, 25కు చేరిందా అన్నది కారు లోపల వినేవారికి తెలియడం కష్టం.

కొలతల పట్టికలో ముందుగా చూడవలసినవి

వూఫర్ తయారీదారులు ఇచ్చే ఈ అంకెలను థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రం, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ స్మాల్ 1972, 1973లలో ప్రచురించిన పత్రాలు వీటికి మూలం. అంతకుముందు పెట్టె తయారీ చాలావరకు అనుభవం మీద నడిచేది. ఈ అంకెలు వచ్చాక చెక్క కోయకముందే ఫలితాన్ని లెక్కగట్టడం వీలైంది.

ఎఫ్‌ఎస్ అంటే వూఫర్‌ను గాలిలో ఉంచినప్పుడు దాని సహజ కంపన సంఖ్య. ఇన్ఫినిట్ బ్యాఫిల్‌లో ఈ సంఖ్య కొద్దిపాటి పెరుగుదలతో అలాగే నిలుస్తుంది కనుక, ఇది 30 హెర్ట్జ్‌కు దిగువన ఉండటం మేలు. క్యూటీఎస్ అంటే ఆ కంపనాన్ని వూఫర్ ఎంత గట్టిగా అదుపు చేస్తుందో చెప్పే అంకె. అదుపు ఎక్కువైతే అంకె తక్కువ. ఇందులో విద్యుత్ భాగాన్ని క్యూఈఎస్ అనీ, యాంత్రిక భాగాన్ని క్యూఎంఎస్ అనీ విడిగా ఇస్తారు. ఎక్స్‌మ్యాక్స్ అంటే కోన్ వక్రీకరణ లేకుండా ఒక దిశలో కదలగల దూరం, ఎస్‌డీ అంటే గాలిని నెట్టే కోన్ వైశాల్యం. ఈ రెంటినీ గుణిస్తే వూఫర్ ఒక్క తోపులో ఎంత గాలిని జరపగలదో వస్తుంది.

పెట్టెలో గానీ డిక్కీలో గానీ బిగించాక వచ్చే కొత్త విలువలకు ఒకే సూత్రం సరిపోతుంది. వీఏఎస్‌ను వెనుక గది పరిమాణంతో భాగించి, దానికి 1 కలిపి, వర్గమూలం తీయాలి. ఆ వచ్చిన అంకెతో ఎఫ్‌ఎస్‌ను గుణిస్తే ఎఫ్‌సీ, క్యూటీఎస్‌ను గుణిస్తే క్యూటీసీ వస్తాయి. క్యూటీసీ 0.707 ఉన్నప్పుడు ప్రతిస్పందన (ఏ స్వరం ఎంత బిగ్గరగా వస్తుందన్నది) ఎక్కడా ఉబ్బకుండా చదునుగా వచ్చి, ఎఫ్‌సీ దగ్గర 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. 1 దాటితే ఒక స్వరం దగ్గర గుమ్మనే మోత మొదలవుతుంది. 0.5 కంటే తక్కువైతే బేస్ చాలా పైనుంచే సన్నగిల్లుతూ వస్తుంది.

రెండు వూఫర్లు, ఒకే డిక్కీ

మన దగ్గర అమ్ముడైన మధ్యతరహా సెడాన్ల డిక్కీ పరిమాణాలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. కంపెనీలు ప్రకటించిన అంకెల ప్రకారం హోండా సిటీకి 506, సియాజ్‌కు 510, స్కోడా స్లావియాకు 521, 2023 నాటి హ్యుందాయ్ వెర్నాకు 528 లీటర్లు. నాలుగు మీటర్ల లోపు సెడాన్ అయిన 2017 నాటి డిజైర్‌కు 378 లీటర్లు. డిక్కీ కొలవడానికి విస్తృతంగా వాడే వీడీఏ పద్ధతిలో 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలను పేర్చి లెక్కపెడతారు. ఆ దిమ్మెలు పట్టని మూలలు, స్టెప్నీ గుంటలోని ఖాళీలు అందులోకి రావు కనుక, అసలు గాలి కొంత ఎక్కువే ఉంటుంది. ఇక్కడ 500 లీటర్లు అనుకుందాం.

మార్కెట్‌లో కనిపించే రెండు ధోరణులకు ప్రతినిధులుగా రెండు 12 అంగుళాల వూఫర్లను ఊహిద్దాం. మొదటిదానికి ఎఫ్‌ఎస్ 24 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.65, వీఏఎస్ 120 లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 10 మిల్లీమీటర్లు. రెండోదానికి ఎఫ్‌ఎస్ 30, క్యూటీఎస్ 0.40, వీఏఎస్ 50, ఎక్స్‌మ్యాక్స్ 15. దుకాణంలో చూస్తే రెండోదే బరువుగా, పెద్ద అయస్కాంతంతో, ఖరీదుగా కనిపిస్తుంది.

మొదటి వూఫర్‌ను డిక్కీకి బిగిస్తే 120ని 500తో భాగించగా 0.24. ఒకటి కలిపి వర్గమూలం తీస్తే సుమారు 1.11. ఎఫ్‌సీ 26.7 హెర్ట్జ్, క్యూటీసీ 0.72 అవుతాయి. దాదాపు పాఠ్యపుస్తకంలోని చదునైన ప్రతిస్పందన ఇది. రెండోదాన్ని అదే డిక్కీకి బిగిస్తే ఎఫ్‌సీ 31.5, క్యూటీసీ 0.42. తన పైస్థాయితో పోలిస్తే 60 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్‌లు, 30 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్‌లు తగ్గిపోతుంది. మొదటి వూఫర్‌కు 30 హెర్ట్జ్ దగ్గర తగ్గుదల 2 డెసిబెల్‌లే.

ఇప్పుడు ఇవే వూఫర్లను చిన్న పెట్టెల్లో పెడదాం. రెండోది 25 లీటర్ల పెట్టెలో ఎఫ్‌సీ 52, క్యూటీసీ 0.69తో చక్కగా కుదురుతుంది. మొదటిది 30 లీటర్ల పెట్టెలో ఎఫ్‌సీ 54, క్యూటీసీ 1.45కు చేరి, ఆ ప్రాంతంలో దాదాపు 4 డెసిబెల్‌ల ఉబ్బుతో ప్రతి పాటనూ ఒకే మోతగా మారుస్తుంది. ఖరీదైన వూఫర్ డిక్కీలో నిరాశపరచడం, సాదాసీదాగా కనిపించేది అక్కడే రాణించడం ఈ లెక్కలో భాగమే తప్ప నాణ్యతకు సంబంధించింది కాదు. క్యూటీఎస్ సుమారు 0.5 నుంచి 0.8 మధ్య ఉన్నవాటిని ఇన్ఫినిట్ బ్యాఫిల్‌కు అనువైనవని చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే.

రెండు కాయిల్‌లు ఉన్న వూఫర్ల విషయంలో ఒక చిన్న సంగతి తెలుసుకోదగినది. కాయిల్‌లు రెండింటినీ సిరీస్‌లో కలిపినా ప్యారలల్‌లో కలిపినా క్యూఈఎస్ మారదు. ఒక్క కాయిల్‌కే ఆంప్లిఫయర్ కలిపి రెండోదాన్ని వదిలేస్తే క్యూఈఎస్ రెట్టింపవుతుంది. పైన చెప్పిన రెండో వూఫర్‌కు క్యూఈఎస్ 0.43, క్యూఎంఎస్ 6 అనుకుంటే, ఒక్క కాయిల్‌తో దాని క్యూటీఎస్ సుమారు 0.75కు చేరుతుంది. వేడిని తట్టుకునే శక్తి సగమవుతుంది, సున్నితత్వమూ (ఇచ్చిన విద్యుత్తుకు వచ్చే శబ్దం) తగ్గుతుంది. అయినా, ఇంట్లో ఇప్పటికే అలాంటి వూఫర్ ఉన్నవారికి ఇది ఆలోచించదగిన దారి.

సూట్‌కేసులు నింపినప్పుడు మారేదెంత

డిక్కీ ఖాళీగా ఉండాలనే కదా ఈ పద్ధతి ఎంచుకున్నది. ఆ ఖాళీని సామానుతో నింపితే వెనుక గాలి తగ్గదా అన్న సందేహం న్యాయమైనదే. గట్టి పెంకు ఉన్న రెండు పెద్ద సూట్‌కేసులు కలిసి 200 లీటర్లు ఆక్రమించాయనుకుందాం. మిగిలింది 300 లీటర్లు. మొదటి రకం వూఫర్ ఒక్కటే ఉంటే క్యూటీసీ 0.72 నుంచి 0.77కు పెరుగుతుంది. అది చెవికి దాదాపు తెలియదు. రెండు వూఫర్లుంటే వీఏఎస్‌లు కలిసి 240 లీటర్లవుతాయి కనుక క్యూటీసీ 0.79 నుంచి 0.87కు వెళ్లి అర డెసిబెల్ ఉబ్బు వస్తుంది. నాలుగు ఉంటే 0.91 నుంచి 1.05కు చేరి ఒకటిన్నర డెసిబెల్ ఉబ్బు వస్తుంది. బట్టల సంచుల వంటి మెత్తని సామాను గాలిని పూర్తిగా తొలగించదు కాబట్టి ప్రభావం ఇంకా తక్కువ.

కాబట్టి సామాను గురించిన భయం ఒకటి రెండు వూఫర్ల దగ్గర అతిశయోక్తే. అసలు జాగ్రత్త వూఫర్ల సంఖ్య పెంచేటప్పుడు కావాలి. ప్రతి వూఫర్ తన వీఏఎస్‌ను వెంట తెచ్చుకుంటుంది, డిక్కీ మాత్రం పెరగదు. వీఏఎస్ 300 లీటర్లున్న 15 అంగుళాల వూఫర్లు రెండు బిగిస్తే, 500 లీటర్ల డిక్కీ వాటి మొత్తం వీఏఎస్ కంటే చిన్నది. అది పేరుకు ఇన్ఫినిట్ బ్యాఫిల్, పనితీరులో పెద్ద సీల్డ్ బాక్స్. క్యూటీఎస్ 0.6 అయితే క్యూటీసీ 0.89 అవుతుంది. అది చెడ్డ ఫలితమేమీ కాదు, కానీ అక్కడ క్యూటీఎస్ 0.45 నుంచి 0.5 ఉన్న వూఫర్ మరింత బాగా కుదురుతుంది. కారులో "క్యూటీఎస్ 0.7 ఉండాల్సిందే" అన్న నియమం అన్ని చోట్లా నిలవకపోవడానికి కారణం ఇది. అనుభవజ్ఞులు సైతం ఈ ఒక్క చోట తడబడుతుంటారు.

అట్టపెట్టె మీది వాట్లు ఇక్కడ ఎందుకు మోసం చేస్తాయి

కొనుగోలులో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కనుక దీన్ని కాస్త నిదానంగా చూడాలి. వూఫర్ మీద 500 వాట్లు అని ఉంటే అది సాధారణంగా కాయిల్ మాడిపోకుండా తట్టుకునే వేడికి సంబంధించిన అంకె. కోన్ ఎంత దూరం కదులుతుందన్నది దానితో సంబంధం లేని వేరే హద్దు. చిన్న పెట్టెలో గాలి స్ప్రింగు కోన్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి వేడి హద్దే ముందు వస్తుంది. డిక్కీలో ఆ పట్టు లేదు. అక్కడ కదలిక హద్దు ఎంతో ముందుగా వచ్చేస్తుంది.

మొదటి వూఫర్‌కే లెక్క వేద్దాం. కాయిల్ నిరోధం 3.5 ఓంలు, మోటారు బలం 9.4 టెస్లా మీటర్లు, కదిలే భాగాల బరువు 120 గ్రాములు అనుకుంటే, 500 లీటర్ల డిక్కీలో అది తన 10 మిల్లీమీటర్ల హద్దును చేరడానికి 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 130 వాట్లు, 30 హెర్ట్జ్ దగ్గర సుమారు 55 వాట్లు చాలు. 20 హెర్ట్జ్ దగ్గర 30 వాట్లు కూడా అక్కర్లేదు. అదే వూఫర్ 30 లీటర్ల పెట్టెలో ఉంటే 30 హెర్ట్జ్ దగ్గర అంతే దూరం కదలడానికి దాదాపు 230 వాట్లు కావాలి.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు, రెండూ నిజమే. ఒకవైపు, అదే వూఫర్‌తో అదే లోతైన బేస్ నాలుగో వంతు విద్యుత్తుతో వస్తోంది. చిన్న ఆంప్లిఫయర్ చాలు, బ్యాటరీ మీద, ఆల్టర్నేటర్ మీద భారం తక్కువ. మరోవైపు, పెట్టె కోసం కొన్న వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్‌ను దీనికి కలిపి గెయిన్ (శబ్దస్థాయి పెంచే మీట) తిప్పేస్తే, ఒక్క లోతైన స్వరానికే కాయిల్ వెనుక పలకకు కొట్టుకుంటుంది. పాటల్లో 20 హెర్ట్జ్‌కు దిగువన సంగీతం దాదాపు ఉండదు. బేస్ గిటార్ అట్టడుగు తీగ సాధారణ శ్రుతిలో 41 హెర్ట్జ్. అందువల్ల 20 హెర్ట్జ్ ప్రాంతంలో సబ్‌సోనిక్ ఫిల్టర్ (అంతకంటే కింది కంపనాలను ఆపేది) పెట్టడం వల్ల వినేవారు కోల్పోయేది ఏమీ లేదు, వూఫర్ మాత్రం బతుకుతుంది. ఆంప్లిఫయర్‌లోనో ధ్వనిని సర్దే ప్రాసెసర్‌లోనో ఈ ఫిల్టర్ ఉందో లేదో చూడటం కూడా వూఫర్ ఎంపికలో భాగమే.

క్యాబిన్ ఇచ్చే సాయం, దాని మీద రెండు వాదనలు

ఆరుబయట ఒక వూఫర్ కోన్ అంతే దూరం కదులుతూ 60 నుంచి 30 హెర్ట్జ్‌కు దిగితే శబ్దం 12 డెసిబెల్‌లు పడిపోతుంది. మూసిన క్యాబిన్‌లో అలా పడిపోదు. తరంగంలో సగం కూడా పట్టనంత చిన్న గదిలో కోన్ చేసే పని గాలిని నొక్కడం, వదలడం మాత్రమే. ఎంత గాలిని జరిపిందన్నదే పీడనాన్ని నిర్ణయిస్తుంది. క్యాబిన్ పొడవు రెండున్నర మీటర్లయితే సుమారు 69 హెర్ట్జ్‌కు దిగువన ఈ సాయం మొదలై, ఆదర్శ స్థితిలో ఆక్టేవ్‌కు (కంపన సంఖ్య సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్‌ల చొప్పున పెరుగుతుంది. దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. నిజమైన కారులో తలుపు రబ్బర్ల సందులు, ఊగే పైకప్పు రేకు, కిటికీ అద్దాలు ఇందులో కొంత కాజేస్తాయి. అది ఎంతన్నది ప్రతి కారుకూ వేరు.

ఇక్కడ రెండు వర్గాలు విడిపోతాయి. డిక్కీ లెక్క ప్రకారం క్యూటీసీ 0.7 వచ్చేలా వూఫర్ ఎంచుకోవాలని ఒక వర్గం అంటుంది. క్యాబిన్ గెయిన్ ఎలాగూ కింది స్వరాలను పెంచుతుంది కాబట్టి 0.5 ఉన్నా చాలని, 0.7 ఉంటే కారులో కిందిభాగం మరీ బరువెక్కుతుందని మరో వర్గం వాదిస్తుంది. మోటారు బలమున్న తక్కువ క్యూ వూఫర్‌లకు సాధారణంగా ఎక్స్‌మ్యాక్స్ కూడా ఎక్కువగా ఉంటుందన్నది వారి అదనపు బలం. నా అంచనాలో రెండో వాదన ప్రాసెసర్, కొలిచే మైకు ఉన్నవారి దగ్గర బాగా నిలుస్తుంది. తగ్గిన చోట 6 డెసిబెల్‌లు పెంచాలంటే నాలుగు రెట్లు విద్యుత్తు కావాలి, అది ఆంప్లిఫయర్‌లో ఉండాలి. ఈక్వలైజర్ లేని సాదా ఏర్పాటులో మొదటి దారి తక్కువ నిరాశ కలిగిస్తుంది.

ఒక పెద్దదా, రెండు చిన్నవా

క్యాబిన్‌లో పీడనం జరిపిన గాలిని బట్టి ఉంటుంది కనుక, కోన్ వైశాల్యం విలువ నేరుగా తెలుస్తుంది. ఎస్‌డీ 480 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 10 మిల్లీమీటర్లు ఉన్న 12 అంగుళాల వూఫర్ ఒక తోపులో 0.48 లీటర్ల గాలిని జరుపుతుంది. క్యాబిన్‌లో 3,000 లీటర్ల గాలి ఉందనుకుంటే, వాతావరణ పీడనానికి 1.4 రెట్లను ఈ నిష్పత్తితో గుణించగా సుమారు 23 పాస్కల్‌ల శిఖర పీడనం వస్తుంది. దాని ఆర్‌ఎంఎస్ (సగటు) విలువ 118 డెసిబెల్‌లకు సమానం. ఎక్కడా గాలి కారని క్యాబిన్‌కు చెందిన గరిష్ఠ హద్దు ఇది, వాస్తవంలో తక్కువే వస్తుంది. రెండు వూఫర్లు పెడితే 6 డెసిబెల్‌లు పెరుగుతుంది.

15 అంగుళాల వూఫర్ ఎస్‌డీ సుమారు 820 కాబట్టి అదే ఎక్స్‌మ్యాక్స్‌తో 0.82 లీటర్లు జరుపుతుంది. రెండు 12 అంగుళాలవి 0.96 లీటర్లు. పార్సెల్ ట్రే వెడల్పులో 15 అంగుళాలది పట్టడం అరుదు, సీటు వెనుక గోడలో అయితే ఎత్తు చాలాలి. రెండు 10 లేదా 12 అంగుళాల వూఫర్లు పక్కపక్కన అమర్చడం మన సెడాన్లలో ఎక్కువగా సాధ్యపడే దారి.

గోడ బలహీనమైతే లెక్కలన్నీ వృథా

కాగితం మీద సరిపోయిన వూఫర్ కారులో విఫలమైతే, తప్పు గోడలో ఉండే అవకాశమే ఎక్కువ. సీటు వెనుక రేకులో వైరింగ్ రంధ్రాలు, ట్రేలో స్పీకర్ కోతలు, పక్క ప్యానెళ్ల వెనుక ఖాళీలు అన్నీ ముందూ వెనుకా శబ్దాలు కలుసుకునే దారులే. స్వరం ఎంత కిందికి దిగితే ఈ కారుడు అంత ఎక్కువగా తినేస్తుంది. అసలు ఈ పద్ధతి దేనికోసమో ఆ కింది స్వరాలే ముందు పోతాయి.

గోడకు బిగువు కూడా కావాలి. 120 గ్రాముల కోన్ 30 హెర్ట్జ్ దగ్గర 10 మిల్లీమీటర్లు ఊగితే, అది తన చట్రాన్ని దాదాపు 43 న్యూటన్‌ల బలంతో సెకనుకు 30 సార్లు ముందుకూ వెనక్కూ లాగుతుంది. అది నాలుగు కిలోలకు పైబడిన బరువు. రెండు వూఫర్లయితే రెట్టింపు. కంపెనీ ఇచ్చిన అట్ట ట్రే దీనికి నిలవదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను బాడీ రేకుకు అన్ని వైపులా పట్టించి, సందులు మూసినప్పుడే అది గోడ అనిపించుకుంటుంది. ఎండీఎఫ్ (చెక్కపొట్టును అదిమి చేసిన పలక) చవకే గానీ తేమకు ఉబ్బుతుంది. వర్షాకాలంలో డిక్కీ రబ్బరు నుంచి నీరు దిగే పాత కార్లలో ప్లైవుడ్‌కే నా మొగ్గు.

ఇందులో ఆడియోకు సంబంధం లేని చిక్కులు కొన్ని ఉన్నాయి, వాటి బరువు తక్కువేమీ కాదు. చాలా కార్లలో క్యాబిన్ గాలి బయటకు పోయే రంధ్రాలు డిక్కీ పక్కన, వెనుక బంపర్ చాటున ఉంటాయి. క్యాబిన్‌ను డిక్కీ నుంచి పూర్తిగా మూసేస్తే ఆ గాలికి దారి తగ్గి, తలుపు వేయడానికి బలం పట్టవచ్చు, బయటి గాలిని తెచ్చే ఏసీ ప్రవాహం మందగించవచ్చు. సెడాన్లలో పిల్లల సీటు పైపట్టీ తగిలించే కొక్కేలు సాధారణంగా పార్సెల్ ట్రే రేకులోనే ఉంటాయి. ఆ రేకూ, సీటు వెనుక అడ్డకమ్మీలూ బాడీ బలంలో భాగం, కోయదగినవి కావు. 60:40గా మడిచే సీటున్న కార్లలో పలక బిగించాక ఆ సౌకర్యం పోతుంది. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీలో ఉన్న కార్లలో గాలి పరిమాణం తగ్గడమే కాక, గ్యాస్ అమరిక దగ్గర రంధ్రాలు చేయడం ప్రమాదకరం కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనం మౌలిక వివరాలను ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. రేకు ముట్టకుండా, ఉన్న రంధ్రాలకే పలక బిగించి, విప్పేయగలిగేలా చేసే పని మాత్రమే మనసుకు నిశ్చింత.

"ఇన్ఫినిట్ బ్యాఫిల్ బేస్ వేగంగా ఉంటుంది" అన్న మాట

ఈ పద్ధతిని ఇష్టపడేవారు దాని బేస్ చురుకుగా, పట్టుగా ఉంటుందని అంటారు. సీల్డ్ బాక్స్ అభిమానులు సరిగ్గా అవే మాటలు తమ పెట్టె గురించి చెబుతారు. స్వరం ఆగిన తర్వాత కోన్ ఎంతసేపు ఊగుతుందన్నది క్యూటీసీ, ఎఫ్‌సీల మీద ఆధారపడుతుంది. ఆ రెండూ సమానమైతే, వెనుక ఉన్నది డిక్కీయో పెట్టెయో కోన్‌కు తెలియదు. కారులో వినిపించే తేడా ఎక్కువగా రెండు పద్ధతులకూ ఎఫ్‌సీ ఒకటి కాకపోవడం వల్ల వస్తుంది. చిన్న పెట్టె 50 హెర్ట్జ్ ప్రాంతంలో నిలిచిపోతే, డిక్కీ 27 దాకా దిగుతుంది.

పెట్టె వైపు వాదనకు బలమున్న చోట్లూ ఉన్నాయి. కారును రెండు మూడేళ్లలో మార్చేవారికి పెట్టెను ఎత్తి కొత్త కారులో పెట్టుకోవడం తేలిక. పెద్ద శబ్దమే ముఖ్యమైనవారికి, చిన్న పెట్టెలోని బలమైన వూఫర్ 50 హెర్ట్జ్ ప్రాంతంలో ఇచ్చే దెబ్బను రెండు మామూలు ఇన్ఫినిట్ బ్యాఫిల్ వూఫర్లు అందుకోలేకపోవచ్చు. కోన్ వెనుక వైపు శబ్దానికి డిక్కీ రేకు, నంబరు ప్లేటు ఊగి బయటకు వినిపించడం కూడా ఈ పద్ధతిలోనే ఎక్కువ. రాత్రి 10 దాటాక నివాస ప్రాంతంలో 45 డెసిబెల్‌ల హద్దున్న నగరంలో, అపార్ట్‌మెంట్ నేలమాళిగలోకి కారు తెచ్చేవారు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

పట్టికలోని అంకెల విషయంలో చివరగా ఒక్క మాట. కొత్త వూఫర్ సస్పెన్షన్ బిగుతుగా ఉండి, వాడిన కొద్దీ వదులవుతుంది. ఎఫ్‌ఎస్, క్యూటీఎస్ రెండూ కలిసి తగ్గుతాయి, వీఏఎస్ పెరుగుతుంది. కానీ ఎఫ్‌ఎస్‌ను క్యూటీఎస్‌తో భాగిస్తే వచ్చే అంకె దాదాపు మారదు. మొదటి వూఫర్‌కు అది 37, రెండోదానికి 75. కొత్త వూఫర్ కొలతలు పట్టికతో కొద్దిగా తేడా చూపినా, ఈ భాగహారం నిలిస్తే వూఫర్ సరైనదే. డిక్కీ కోసం వెతుకుతున్నప్పుడు 40 ప్రాంతంలో ఉన్నది మొదట పరిశీలించదగినది, 75 దాటినదాన్ని పెట్టె కోసం పక్కన పెట్టడం సబబు.